ముత్యాల గర్భం, వడ్ల రేటు

నాకు కవలలు పుడతారని తేల్చింది డాక్టరు కాదు, మా అత్తమ్మ. మూడో నెల నిండకముందే నా పొట్ట ఐదో నెల పొట్టలా కనిపించడం, మంచినీళ్లు తాగినా వాంతి కావడం ఆమె దగ్గరుండి చూసింది. మిర్యాలగూడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని వీధిలో పోయే ప్రతి మనిషినీ ఆపి చెప్పేది.

"ఒక్క పిల్ల ఉంటే గింత కక్కుతదా? ఇద్దరున్నరు. లోపల కొట్లాడుకుంటున్నరు."

వారం తిరక్కుండా మా ఇంటికి రెండు చిన్న దోమతెరలు, రెండు గిలక్కాయలు వచ్చాయి. కోదాడలో మా అమ్మ ఈ సంగతి విని, తను వెనకబడితే బాగుండదని రెండు ఉన్ని టోపీలు కొంది. అది నడి ఎండాకాలం.

ఏ ఊళ్లో చూపించుకోవాలన్న దగ్గర కొంత గొడవ జరిగింది. మిర్యాలగూడలో మంచి డాక్టర్లు లేరా అని అత్తమ్మ. మొదటి కాన్పు పుట్టింటి లెక్క కాబట్టి కోదాడకే రావాలని అమ్మ. చివరికి మా ఆయన సూర్యాపేట అన్నాడు. ఎవరి మాటా నెగ్గలేదు, ఎవరి మాటా పోలేదు. ఇద్దరికీ బస్సు ప్రయాణం తప్పలేదు.

స్కానింగ్ రోజు అత్తమ్మ నాతో లోపలికి వచ్చింది. డాక్టరమ్మ నా పొట్ట మీద మిషన్ అటూ ఇటూ తిప్పి, తెరకేసి చూసి, మళ్లీ తిప్పింది. అత్తమ్మ ఆగలేకపోయింది.

"ఇద్దరేనా అమ్మా? ముగ్గురేం లేరు గద?"

"ఒక్కరు కూడా లేరమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా.

నేను లేచి కూర్చోబోయాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి పడుకోబెట్టింది. "దీన్ని ముత్యాల గర్భం అంటారు," అంది.

ముత్యాలు అన్న మాట వినగానే అత్తమ్మ మొహం వెలిగింది. పాపం, ఆ వెలుగు ఎక్కువసేపు ఉండలేదు. బిడ్డకు తిండి అందించాల్సిన మాయ ఉంటుందే, బిడ్డే లేకుండా అదొక్కటే అడ్డూ అదుపూ లేకుండా పెరిగిందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నీటి బుడగలు బుడగలుగా, ద్రాక్షగుత్తిలా ఉంటుందని తెర మీద చూపించింది.

"ద్రాక్షనా?" అత్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నేనే పెట్టిన. బలమని దినాం గిన్నెడు పెట్టిన. నా చేతులు పడిపోను!"

"తిన్న ద్రాక్ష కడుపులో మొలవదమ్మా. అది అన్నమైనా ద్రాక్షైనా పోయేది పేగుల్లోకే."

అత్తమ్మకు నమ్మకం కుదరలేదు. ఆ తర్వాత చాలా నెలలు మా ఇంట్లోకి ద్రాక్షపండు రాలేదు. పాయసంలో కిస్‌మిస్ వేయడం కూడా మానేసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఏడ్చాను. లేని బిడ్డ కోసం ఏడవడం ఎలాగో నాకు తెలియలేదు. ఎవరి మొహం తలుచుకోవాలి? అయినా ఏడుపు వచ్చింది. మా ఆయన కిటికీ అద్దం ఒకసారి మూస్తూ, ఒకసారి తెరుస్తూ నేరేడుచర్ల దాటేదాకా అదే పని చేశాడు. ఆయనకు ఏం మాట్లాడాలో తెలియనప్పుడు చేతులకు ఏదో ఒక పని కావాలి. చివరికి ముందు సీటాయన వెనక్కి తిరిగి, "అన్నా, ఏదో ఒకటి ఖాయం చెయ్యే," అన్నాడు. నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది.

గర్భసంచి శుభ్రం చేశారు. అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ గర్భం హార్మోను ఒకటి రక్తంలో ఉంటుందట, అది పూర్తిగా దిగిపోయేదాకా వారం వారం పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మొదట్లో బాగానే దిగింది. తర్వాత ఒకచోట ఆగింది. ఆ పైవారం పెరిగింది.

మా ఆయనకు ల్యాబ్ మీద అనుమానం వచ్చింది. మందుల దుకాణంలో దొరికే గర్భం కిట్టు ఒకటి పట్టుకొచ్చి, "మనమే సూద్దాం," అన్నాడు. చూశాం. రెండు గీతలు, పెళ్లి కార్డు మీద బొట్టంత ఎర్రగా. దాన్ని స్నానాల గది కిటికీలో పెట్టి మరిచిపోయాం.

అత్తమ్మకు చదువు రాదు గానీ రెండు గీతలంటే ఏమిటో తెలుసు. మేము మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నేరేడుచర్ల నుంచి మా ఆయన మేనత్త షేర్ ఆటో దిగి, లడ్డూల డబ్బా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మళ్ల నిలబడ్డదట గదా! ఎంత తొందర బిడ్డా మీకు!" అని నా బుగ్గలు పిండింది.

మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె తిట్టిన తిట్లు ఫోన్‌లోంచి మా అందరికీ వినిపించాయి. "ఆ కిట్టుకు బిడ్డ కనిపించదయ్యా, హార్మోన్ కనిపిస్తుంది! ఆ హార్మోన్ జబ్బు నుంచి వచ్చినా అది రెండు గీతలే చూపిస్తుంది! రేపు పొద్దున్నే ఇద్దరూ రండి!"

వచ్చిన లడ్డూలను వెనక్కి పంపడం ఎవరికీ చేతకాలేదు. అందరం దిగులుగా కూర్చుని లడ్డూలు తిన్నాం. వాంతులు తగ్గి ఆకలి తిరిగొచ్చిన రోజులు కాబట్టి నేనే ఎక్కువ తిన్నాను.

మరునాడు అత్తమ్మ కూడా మాతో వచ్చింది. సూర్యాపేటలో డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టింది. లోపల ఆ కణాలు కొన్ని మిగిలిపోయి గడ్డలా పెరుగుతున్నాయనీ, ఇంజెక్షన్లు ఇవ్వాలనీ చెప్పింది.

"ఏం ఇంజెక్షన్లు?" అన్నాను.

"కీమోథెరపీ."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"భయపడకండి," అంది ఆమె. "గర్భం వల్ల వచ్చే గడ్డలకు ఈ మందు చాలా బాగా పనిచేస్తుంది. నయమవుతుంది. గర్భసంచి తీసేయాల్సిన పని లేదు. ఆ తర్వాత పిల్లలు పుడతారు."

అత్తమ్మ ముందుకు జరిగింది. "ఆఖరి ముచ్చట మళ్లొక్కసారి చెప్పుర్రి అమ్మా."

"పిల్లలు పుడతారు."

"ఇంకొక్కసారి."

డాక్టరమ్మ విసుక్కోకుండా మూడోసారి కూడా చెప్పింది. నేను కూడా మూడోసారికే నిజంగా విన్నాను.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు వెళ్లి ఛాతీ ఎక్స్‌రే అవీ తీయించుకున్నాం. గడ్డ ఎక్కడికీ పాకలేదన్నారు. ఏ మందు ఎలా వెయ్యాలో అక్కడ రాసిచ్చారు. ఇంజెక్షన్లు మాత్రం సూర్యాపేటలోనే. కొన్ని రోజులు ఇంజెక్షన్లు, తర్వాత కొన్ని రోజులు విరామం, మళ్లీ ఇంజెక్షన్లు.

వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నది అత్తమ్మ తన మీద వేసుకుంది. కీమో అంటే లేనిపోని మాటలు పుడతాయని, "కోడలు ఉత్తగనే నీరసంగుంటుందని బలం ఇంజెక్షన్లు ఏపిస్తున్నం," అని చెప్పింది. ఫలితంగా ఎదురింటామె తన కోడలికీ, పక్కింటామె తనకీ అవే బలం ఇంజెక్షన్లు రాయించమని వెంటపడ్డారు. "సూర్యాపేట దాంక పోయి ఏపిస్తున్నరంటే ఎంత బలముంటదో," అని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. ఒకామె మాతో బస్సెక్కడానికి చీర కూడా మార్చుకుని వచ్చింది. ఆమెను ఆపడానికి అత్తమ్మ పడ్డ పాట్లు చెప్పనలవి కాదు.

నా పెళ్లి భోజనాల్లో మటన్ తక్కువైందన్న మాట దగ్గర మొదలై మా అమ్మకూ అత్తమ్మకూ అంతంతమాత్రంగానే ఉండేది. ఇప్పుడు ఇద్దరూ చెరో బస్సులో సూర్యాపేట వచ్చి నా మంచానికి అటొకరు, ఇటొకరు కూర్చోవలసి వచ్చింది. అమ్మ కోదాడ నుంచి గోంగూర పచ్చడి తెచ్చింది. అత్తమ్మ నాటుకోడి పులుసు తెచ్చింది. మందుకు నా నోరంతా పూసిపోయి చప్పటి పెరుగన్నం తప్ప ఏదీ దిగడం లేదు. రెండు క్యారేజీలూ తెరిచి పెట్టి, నేను దేన్ని ముందు ముట్టుకుంటానా అని ఇద్దరూ చూస్తున్నారు. నేను రెండింటికీ దండం పెట్టాను.

కాసేపటికి అమ్మ, "పారెయ్యడం ఎందుకు వదినా, మీరు కొంచెం గోంగూర వేసుకోండి," అంది.

"నువ్వు గీ కోడి తిను వదినా. నీళ్లోలె కాకుండ మంచిగొచ్చింది," అంది అత్తమ్మ.

ఇద్దరూ నా ముందే ఒకరి కూర ఒకరు లొట్టలు వేసుకుంటూ తిన్నారు. మటన్ గొడవ ఆ వార్డులోనే ముగిసింది. నా నోరు మండుతూనే ఉంది గానీ వాళ్లను చూస్తుంటే హాయిగా అనిపించింది.

కీమో అంటే జుట్టు రాలుతుందని మా అమ్మ ముందే సవరం కొని తెచ్చిపెట్టింది, నడుం కిందికి వేలాడేంత పొడుగుది. నాకు పెళ్లిలో కూడా అంత జడ లేదు. తీరా చూస్తే నాకిచ్చే మందుకు జుట్టు పెద్దగా రాలదని డాక్టరమ్మ చెప్పింది. అన్నట్టుగానే రాలలేదు. అమ్మకు సంతోషంతో పాటు, సవరం వృథా అయిందే అన్న బాధ కూడా కలిగినట్టుంది. కొత్తగా కలిసిన స్నేహం కదా, దాన్ని అత్తమ్మకు ఇచ్చేసింది. అత్తమ్మ వద్దు వద్దంటూనే తన పిడికెడు జుట్టుకు ముడి వేయించుకుంది. ఆ పూటంతా జడ ముందుకు వేసుకుని వార్డులో తిరిగింది.

సాయంత్రం నర్సు గుమ్మంలోకి వచ్చి గట్టిగా అరిచింది. ఆమె చేతిలో బారెడు జడ వేలాడుతోంది.

"ఎవరికమ్మా జుట్టంతా ఊడిపోయింది? వరండాలో పడుంది!"

వార్డులో కీమో తీసుకుంటున్నది నేనొక్కదాన్నే. అందరూ నావైపు తిరిగారు. నర్సు పరుగున వచ్చి నా తల పట్టుకుంది. ఇంకో నర్సు డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ నా పాపిట తీసి చూసి, జడ లాగి చూసి, "ఇంత జుట్టు ఒక్కసారి ఊడితే తల మీద ఇదంతా ఎక్కడిది?" అని తికమక పడింది. అత్తమ్మ నెత్తి నిండా కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అమ్మ నోట్లో చీర చెంగు కుక్కుకుంది. నేను నవ్వాపుకోలేక నోటిలో పుండ్లు చిట్లి, నవ్వుతూ ఏడ్చాను. ఇది మందు వికటించిందేమోనని నర్సు ఇంకా భయపడింది.

ఇంజెక్షన్లు పడుతున్న కొద్దీ హార్మోను దిగడం మొదలైంది. మా ఆయనది వడ్ల కమీషన్ కొట్టు. మిల్లులకు వడ్లు అమ్ముకునే రైతులు పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని ఆ రోజు రేటు ఎంతో తేలేదాకా కదలరు. ల్యాబ్ వాళ్ల రిపోర్టు నా ఫోన్‌కు వచ్చింది. చూడగానే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన చేతులు దుమ్ముగా ఉన్నాయని స్పీకర్ పెట్టాడు.

"పడిందయ్యా! సగానికి సగం పడింది!" అన్నాను.

"పడ్డదా? శబాష్! ఇంక పడాలె. సున్నాకు రావాలె!" అని ఆయన కేక వేశాడు.

మాడుగులపల్లి నుంచి ట్రాక్టర్ నిండా వడ్లు తెచ్చిన రైతులు బెంచీ మీంచి లేచారు.

"ఏందయ్యా, మా వడ్ల రేటు సున్నాకు రావాల్నా? నీ నోట్ల మన్ను వడ!"

"నీ కొట్టుకు రావుడే తప్పైంది. ట్రాక్టర్ తిప్పురా!"

"అన్నా, రేటు కాదే! మా ఇంటామె రక్తం ముచ్చట!" అని మా ఆయన వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

ఒక పెద్దాయన ఇంకా కోపంగా, "రక్తం సున్నాకొస్తే మనిషెట్ల బతుకుతది? గిట్లాంటి మొగడు ఎవలకూ ఉండొద్దు," అన్నాడు.

ఇక లాభం లేదని మా ఆయన అక్కడే బస్తా మీద కూర్చుని మొదటినుంచీ మొత్తం చెప్పేశాడు. అత్తమ్మ కష్టపడి కట్టిన బలం ఇంజెక్షన్ల కథ అక్కడికక్కడే ఖతం. రైతులు చల్లబడ్డారు. ఆ పెద్దాయన ట్రాక్టర్ ఇంజన్ ఆపించి, "మరైతే మంచిగ పడనియ్యి," అన్నాడు. అప్పటినుంచి కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లూ ముందు నా నంబర్ అడిగి, తర్వాతే వడ్ల రేటు అడిగేవాళ్లు. నా ఒంట్లో ఏ హార్మోను ఎంత ఉందో మండలమంతటికీ తెలిసిపోయింది. మొదట్లో నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మెల్లగా అలవాటైంది. నంబర్ మామూలుకు వచ్చిందన్న రోజున వాళ్లలో ఒకాయన బస్తాడు పచ్చి పల్లికాయ తెచ్చి మా అరుగు మీద దించి పోయాడు.

ఆ తర్వాత కూడా జాగ్రత్త కోసం ఇంకొన్ని ఇంజెక్షన్లు వేసి ఆపేశారు. ఆపుతూ డాక్టరమ్మ కొత్త మాట చెప్పింది. ఏడాది దాకా గర్భం రాకూడదట. నెల నెలా రక్తపరీక్ష చేయించుకోవాలట. మధ్యలో గర్భం వస్తే హార్మోను పెరుగుతుంది, అది బిడ్డ వల్ల పెరిగిందో జబ్బు తిరిగొచ్చి పెరిగిందో తేల్చుకోవడం కష్టమట.

అత్తమ్మ ఈ మాటను శిలాశాసనంలా తీసుకుంది. ఇంటికి రాగానే కొడుకు పక్కబట్టలు చుట్టి కొట్టుకు పంపింది. "ఏడాది వడ్లకాడనే పండు. కావలి గూడ అయితది."

"అత్తమ్మా, అంత అవసరం లేదు. దానికి వేరే జాగ్రత్తలుంటాయి," అన్నాను తల వంచుకుని.

"ఏం జాగ్రత్తలు?"

నేను వంటింట్లోకి పోయాను. మా ఆయన ఏమీ విననట్టు పక్కబట్టలు మళ్లీ లోపలికి తెచ్చుకున్నాడు.

ఆ జాగ్రత్తలు కొనడం ఆయనకు పెద్ద పరీక్షైంది. మిర్యాలగూడలో ఏ మందుల దుకాణానికి పోయినా ఎవరో ఒక తెలిసినవాడు ఉంటాడని, అత్తగారింటివాళ్లు తప్ప తనను ఎవరూ ఎరగని ఊరని కోదాడ దాకా బస్సెక్కి పోయాడు. బస్టాండు దగ్గర ఓ దుకాణం ముందు నిలబడి, మనుషులంతా వెళ్లేదాకా ఆగి, కౌంటర్ మీదికి వంగి నోరు తెరవబోయాడట.

"ఏంటి అల్లుడు గారూ, ఇలా వచ్చారు? ఇంట్లో అందరూ బాగున్నారా?"

ఆ దుకాణాయన మా అమ్మావాళ్ల వెనకింట్లో ఉంటాడు. మా పెళ్లిలో వడ్డించినవాళ్లలో ఆయనొకడు. మా ఆయన దగ్గు మందు రెండు సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు కొనుక్కుని తిరుగు బస్సెక్కాడు. ఆయన ఇల్లు చేరేలోపే అమ్మ ఫోన్ చేసింది. "అల్లుడు గారికి విరేచనాలా? దగ్గు కూడానా? ఊరిదాకా వచ్చి ఇంటికి రాలేదేంటి?"

చివరికి నేనే సూర్యాపేటలో డాక్టరమ్మను అడిగాను. ఆమె మాత్రలు రాసిచ్చింది. అంత చిన్న పనికి రెండు జిల్లాలు తిరిగావా అన్నట్టు మా ఆయన వైపు చూసింది గానీ, నిజానికి ఒక్క జిల్లా సరిహద్దే దాటాడాయన.

ఏడాది గడిచింది. నెల నెలా రిపోర్టు బాగానే వచ్చింది. ఇక మీ ఇష్టం అంది డాక్టరమ్మ. అప్పటిదాకా వద్దు వద్దు అన్న మాటకే అలవాటు పడ్డ నాకు, ఇప్పుడు కావాలనుకోవడానికి భయమేసింది. నా లోపలి సంచి మీద నాకే నమ్మకం లేదు. కీమో మందు పడిన ఒంట్లో పిల్లలు నిలుస్తారా అని మరోసారి అడిగాను. చాలామందికి మామూలుగానే పుడతారనీ, వచ్చినప్పుడు ముందుగానే స్కానింగ్ చేసి చూద్దామనీ చెప్పింది.

కొన్ని నెలలకు మళ్లీ రెండు గీతలు కనిపించాయి. సంతోషపడడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. అత్తమ్మ నేరేడుచర్లకు ఫోన్ చేయలేదు. అరుగు మీద కూడా కూర్చోలేదు. మా ఆయన ఆ కిట్టును వెలుతురులో పెట్టి, "ఈ గీతలు బిడ్డవో, జబ్బువో ఏమో," అన్నాడు.

స్కానింగ్ గదిలోకి ఈసారి ముగ్గురం వెళ్లాం. అత్తమ్మ తెరకు అంటుకుని నిలబడింది. "ముత్యాలు గిట్ల ఏమన్న ఉన్నయేమో మంచిగ లెంకుర్రి అమ్మా. మూలలు గూడ సూడుర్రి."

"మూలల్లో కూడా ఏం లేవమ్మా. ఇదిగో, బిడ్డ." డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గదంతా టకటకమని చప్పుడు.

మా ఆయన ముందుకు వంగాడు. "మేడం, అది నిజంగ గుండెనేనా? మిషన్ చప్పుడు కాదు గద?"

"మిషన్ ఆపి వినిపించమంటారా?"

"ఒద్దొద్దు! నడవనియ్యుర్రి!" అన్నాడు కంగారుగా, ఆపితే గుండె కూడా ఆగుతుందేమో అన్నట్టు. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. నా పొట్ట నవ్వుతో ఊగి తెర మీద బొమ్మ చెదిరిపోయింది. మళ్లీ మొదటినుంచి వెతకాల్సి వచ్చింది.

నెలలు నిండాక సూర్యాపేటలోనే ఆడపిల్ల పుట్టింది. కాన్పైన ఆరు వారాలకు రక్తపరీక్ష ఇంకోసారి చేసి అంతా బాగుందన్నారు. పిల్లది పుట్టిన రోజు నుంచి ఆకలికి ఆగదు. ఏడుపు మొదలుపెడితే మా కొట్టు దాకా వినిపిస్తుంది.

ఈ మధ్య ఒకరోజు మాడుగులపల్లి వైపు నుంచి ఒక అమ్మాయి, ఆమె భర్త మా ఇంటికి వచ్చారు. ఆమెకూ అదే జబ్బు. కీమో అనగానే అన్నం మానేసిందని, నన్ను ఒకసారి చూస్తే ధైర్యం వస్తుందని డాక్టరమ్మే నన్ను అడిగి పంపింది. ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని చేతులు నలుపుకుంటోంది. ఏం చెప్పాలో నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. నోరు తెరిచే అవకాశం దొరకలేదు.

"ద్రాక్ష తింటే రాదు, భయపడకు," అని మా అత్తమ్మ కుర్చీ లాక్కుని ఆమె ముందు కూర్చుంది. "ఇంజెక్షన్లు మంచిగ పనిచేస్తయి. నోరు పూస్తది, పెరుగు తిను. డాక్టరమ్మ చెప్పిందాంక కడుపు రావొద్దు. నెల నెలా రక్తం ఇయ్యాలె, ఒక్క నెల గూడ తప్పియ్యొద్దు. ఇన్నవా?"

ఆ అమ్మాయి తల ఊపింది. అత్తమ్మ ఆమె భర్త వైపు తిరిగింది. "నీకు గూడ చెప్తున్న. మాత్రలు డాక్టరమ్మనే అడుగుర్రి. ఊర్లు పట్టుకోని తిరుగొద్దు."

మా ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. మా పిల్లది ఆ అమ్మాయి ఒళ్లోకి పాకి, ఆమె మా కోసం తెచ్చిన అరటిపండ్ల సంచీలో చెయ్యి పెట్టింది. ఒక పండు లాగి, తొక్కతో సహా కొరికి, మొహం వికారంగా పెట్టింది. ఆ అమ్మాయి పండు అందుకుని తొక్క తీసింది. పిల్లకు ఒక ముక్క పెట్టి, తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది.